నీళ్ళు కాగినాక చూద్దాం

మద్రాసు,
8-1-1964.

అక్కకు,

తమ్ముడు జీవానందం వందనాలు. బావగారికి కూడా నా వందనాలు చెప్పు. ఈ ఏడైనా బడిపిల్లలు ఆయన మాట వింటున్నారా?

ఈ ఉత్తరంతో పాటు మాలకొండయ్య నీకొక చెక్కపెట్టె అందిస్తాడు. వారం వారం కోట నుంచి పీతల బుట్టలు మద్రాసుకు తెచ్చే మనిషి ఉత్తచేతులతో తిరిగిపోవడం ఎందుకని అతనికి అప్పగించాను. అందులో ఉన్నది కరెంటు కాఫీ మిషను. ఇటలీ సరుకు. మా హోటల్లో ఆరు నెలలు మకాం వేసిన దొర ఒకాయన ఊరికి పోతూ, రోజూ తన గది సర్దినందుకు మెచ్చి నాకిచ్చాడు. మీ ఊరికి నిరుడే కరెంటు వచ్చింది గనుక అది నీ ఇంట్లో ఉంటేనే అందం.

వాడకం సులువు. వెనక ఉన్న గుండ్రటి బుడ్డిలో నీళ్ళు పోసి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వెయ్యి. ఎర్ర దీపం వెలుగుతుంది. పది నిమిషాల్లో నీళ్ళు కాగి ఆవిరి కడుతుంది. చిన్న గిన్నెలో కాఫీపొడి అదిమి, పైనున్న పిడి కిందికి లాగితే చిక్కటి కాఫీ దిగుతుంది. దాని ముందు మన ఫిల్టరు డికాషను కుడితి అనుకో.

ఇంకొక మాట. నీ మరదలు వెంకటశేషమ్మకు ఇప్పుడు నాలుగో నెల. జూన్ ఆఖరుకు కాన్పు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి గానీ, మా పెళ్ళినాడే వాళ్ళ నాన్న తలుపు వేసుకున్నాడు. ఇక్కడ మాది ఒంటిగది. నేను డ్యూటీకి పోతే పలకరించే దిక్కు లేదు. నీ దగ్గరికి తీసుకురావచ్చునా? నర్సు సమాధానంగారు మీ ఇంటికి రెండిళ్ళ అవతలే ఉంటారు కదా. సరే అని ఒక్క ముక్క రాస్తే నాకు నిద్ర పడుతుంది.

నీ తమ్ముడు,
జీవానందం.


కోట,
19-1-1964.

తమ్ముడు జీవానందానికి,

అక్క సామ్రాజ్యం ఆశీర్వదించి రాసేది. ప్రభువు కృపవల్ల అందరం బాగున్నాం.

పెట్టె చేరింది. గూడూరు నుంచి కోట దాకా మాలకొండయ్య దాని మీదే కూర్చుని వచ్చినాడంట. మూత తీస్తే ఇల్లంతా పీతల కంపు. బయటినుంచి వచ్చిన ఏ పాత్రకైనా మనింట్లో చేసే మర్యాద దానికీ చేసి, తుడిచి బల్ల మీద పెట్టినాను. మీ బావ ప్రార్థన చేసినాడు. ఇంట్లో ఉండేవి మూడు బల్బులు. నడవలో బల్బు పీకేసి, ఆ మూతికి ప్లగ్గు బిళ్ళ తగిలించి, స్విచ్చి వేసినాం. ఎర్ర దీపం లేదు, ఏమీ లేదు. వీధిలో సగం మంది వచ్చి కూర్చున్నారు. గంటసేపు దాని మొహం చూసి అందరూ నా ఫిల్టరు కాఫీ తాగి పోయినారు. నువ్వు కుడితి అన్నావే, అదే.

పక్కింటి హజరత్తయ్య ఊరుకోకుండా, "కొత్త కోడలు గదమ్మా, సిగ్గుపడతా ఉండాది. రెండు దినాలు పోనియ్యి" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు.

నా మరదలంటూ రాసినావు. నాకు తెలిసిన మరదలు అల్లూరు పుష్పకుమారి. నీకూ ఆమెకూ పెళ్ళి ప్రకటన గుడిలో రెండు ఆదివారాలు చదివించినాం. "అభ్యంతరం గలవారు తెలుపవలెను" అని పాస్టరుగారు అంటే సంఘంలో చీమ చిటుక్కుమనలేదు. మూడో ఆదివారం అభ్యంతరం టెలిగ్రాములో వచ్చింది, పెళ్ళికొడుకు దగ్గర్నుంచి. రిజిస్టరాఫీసులో పెళ్ళయిపోయిందని. ఆ టెలిగ్రాం చేత్తో పట్టుకుని నేను పుష్పకుమారి వాళ్ళమ్మకు ఎట్టా చెప్పినానో నీకు తెలియదు. మూడేళ్ళయింది. ఇప్పుడు కాఫీ మిషను పంపి కాన్పు చెయ్యమంటున్నావు. అది లంచమని తెలియనంత పిచ్చిదాన్ని కాను.

ముందు నీ లంచాన్ని పని చెయ్యమను. మిగతాది నీళ్ళు కాగినాక చూద్దాం.

అక్క,
సామ్రాజ్యం.


మద్రాసు,
27-1-1964.

అక్కకు వందనాలు.

లంచమే. ఒప్పుకుంటున్నాను. లంచం పని చెయ్యకపోవడం నా తలరాత.

నాకు కాఫీ దించడం తెలుసు గానీ కరెంటు సంగతి తెలియదు. అందుకని తెలిసినవారి సలహా అడిగాను. కరెంటు పనుల్లో చెయ్యి తిరిగిన మనిషి. మా ఫ్లోరులో అందరూ ఇంజినీరుగారనే పిలుస్తారు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, బల్బు మూతికి తగిలించారన్న చోట ఇంజినీరుగారు తలపట్టుకున్నారు. ఆ తీగ దీపానికే సరిపోతుందంట. ఈ మిషను ఇరవై బల్బులంత కరెంటు తాగుతుంది. అందుకని మీటరు దగ్గర ఫ్యూజు ఎగిరిపోయి ఉంటుందన్నారు.

కాబట్టి వైరింగు మనిషిని పిలిపించి, మీటరు నుంచి లావుపాటి తీగ వేయించి, మూడు కాళ్ళ ప్లగ్గు పెట్టించు. ఎవరు చెయ్యి వేసినా మెయిన్ తీసిన తరువాతే వెయ్యాలని ఇంజినీరుగారు మరీ మరీ చెప్పారు. "మీ అక్క తొందర మనిషిలా ఉంది, జాగ్రత్త అని రాయండి" అన్నారు.

పుష్పకుమారి విషయంలో తప్పు నాదే. వెంకటశేషమ్మకు ఆ ప్రకటనల సంగతి పెళ్ళయ్యాక గానీ తెలియదు. తెలిసి నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె మీద కోపం పెట్టుకోవద్దు.

జవాబు కోసం చూస్తుంటాను. మిషను గురించి కాదు.

నీ తమ్ముడు,
జీవానందం.


కోట,
10-2-1964.

తమ్ముడికి ఆశీర్వాదం.

మీ ఇంజినీరుగారు దైవమిచ్చిన మనిషి. ఆయన చెప్పినట్టే ఫ్యూజు కాలిపోయి ఉంది. వైరింగు మునెయ్యను పిలిచినాను. "ఇంత లావు తీగ రైసుమిల్లుకు వేస్తారమ్మా, కాఫీకి వేసేది నేనెప్పుడూ చూళ్ళేదు" అంటూనే వేసినాడు. స్విచ్చి వేస్తే ఎర్ర దీపం వెలిగింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినాయి.

దీపం వెలిగింది గదా అని పాస్టరుగారిని పిలిచి ప్రతిష్ఠ ప్రార్థన పెట్టించినాను. కొత్త ఇంటికీ, కొత్త పడవకీ చేస్తాం, దీనికి చేస్తే తప్పేముంది. ఆయన మిషను మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని "ప్రభువా, ఈ సాధనమును" అన్నాడు. అంతే, ఒళ్ళంతా వణికి పెద్ద కేక పెట్టినాడు. ఆడవాళ్ళం అందరం హల్లెలూయ అన్నాం. ఆయన ఇంకా గట్టిగా కేకపెట్టినాడు, మేం ఇంకా గట్టిగా అన్నాం. మీ బావ మెయిన్ తీస్తే గానీ అది కరెంటు అని ఎవరికీ తెలియలేదు. పాస్టరుగారు బాగానే ఉన్నారు. రెండు దినాలు మా వీధి మొహాన రాలేదు.

అంత షాకు కొట్టిన మిషను నీళ్ళను మాత్రం గోరువెచ్చగా కూడా చెయ్యలేదు. ఇంజినీరుగారిని అడిగి రాయి. నేను తొందర మనిషినని ఆయనకు ఎట్టా తెలిసింది? చూడకుండానే మనిషిని చదివే రకం. అట్టాంటి మనిషి తోడు నీకు దొరికినందుకు సంతోషం. నువ్వు తెచ్చుకున్న అమ్మాయికి స్విచ్చి పైకి వేస్తే వెలుగుతుందో, కిందికి వేస్తే వెలుగుతుందో కూడా తెలిసుండదు.

మిగతాది నీళ్ళు కాగినాక.

అక్క.


మద్రాసు,
18-2-1964.

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం ఇంజినీరుగారికి చదివి వినిపించాను. పాస్టరుగారి ప్రార్థన దగ్గర కడుపు పట్టుకుని నవ్వారు. స్విచ్చి పైకీ కిందికీ అన్నచోట లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయారు. కాసేపటికి వచ్చి సలహా చెప్పారు. రాస్తున్నాను.

మిషను ఒంటికి కరెంటు తగులుతోందంటే లోపలికి తడి చేరి ఉంటుందంట. ఎవరైనా దాన్ని నీళ్ళలో పెట్టారా? బాగా గుర్తు చేసుకుని రాయి. ఈలోగా దానికి ఎర్త్ కావాలి. అంటే ఇంటి పక్కన నిలువులోతు గొయ్యి తీసి, రాగిపలక పాతి, చుట్టూ ఉప్పూ బొగ్గులూ పోసి, దానినుంచి తీగ తెచ్చి ప్లగ్గు మూడో కాలికి తగిలించాలి. గొయ్యి ఎండిపోకుండా రోజూ నీళ్ళు పొయ్యాలి. అప్పుడు ఎవరైనా చెయ్యి పెట్టినా ప్రాణానికి భయముండదు. ఈ పని పూర్తయ్యేదాకా ప్లగ్గు పీకి పక్కన పెట్టమని, ప్రార్థనకైనా సరే ముట్టుకోవద్దని ఇంజినీరుగారి మాట.

ఇంజినీరుగారికి ఈ మధ్య పులుపు మీద మనసు పోతోంది. అన్నం సయించడం లేదు. మన వైపు లేత మామిడికాయలు వచ్చి ఉంటే మాలకొండయ్య చేత నాలుగు పంపగలవా?

వెంకటశేషమ్మకు ఐదో నెల. నేనడిగింది మరిచిపోలేదు కదా?

నీ తమ్ముడు,
జీవానందం.


కోట,
1-3-1964.

తమ్ముడికి ఆశీర్వాదం.

మామిడికాయలు ఇరవై, నిరుడు పెట్టిన చింతకాయ తొక్కు ఒక జాడీ పంపుతున్నాను. ఇవి ఇంజినీరుగారికి. నువ్వు తినొద్దు. ఆ వయసులో అన్నం సయించక పులుపు అడుగుతున్నాడంటే అది పైత్యం. శొంఠిపొడి పొట్లం కూడా పెట్టినాను. వేడినీళ్ళలో పొద్దున్నే తాగమను.

ఎర్తు గొయ్యి తీసినాం. మీ బావ పంచె ఎగ్గట్టి తానే దిగినాడు. ఉప్పు మనకు కొదవా. రోజూ పొద్దున, సాయంత్రం బిందెడు నీళ్ళు పోస్తున్నాను. హజరత్తయ్య గోడ మీదినుంచి చూసి, "ఏం విత్తనం పెట్టినావమ్మా, ఇంకా మొలకెత్తలేదే" అంటాడు.

మిషన్ని నీళ్ళలో పెట్టినామా అని అడిగినారు. అట్టాంటి తెలివితక్కువ పని నేనెందుకు చేస్తాను? మామూలుగా తోమినాను, అంతే. పీతల కంపుతో వచ్చింది గదా. రాత్రంతా చింతపండు నీళ్ళలో నానబెట్టి, బూడిదతో తోమి, బావి దగ్గర నాలుగు బిందెలతో జాడించి, ఎండలో తలకిందులుగా బోర్లించినాను. ఇప్పుడు కూడా ప్రతి శనివారం అంకాలమ్మ ఇంటి సామానంతటితో పాటు దాన్నీ తోముతుంది. అద్దం మాదిరి మెరుస్తా ఉంది. చూసినవాళ్ళంతా బంగారమా అంటున్నారు. ఇంత శుభ్రంగా పెట్టుకుంటే తడి ఎట్టా చేరుతుంది?

ఇంకొక సంగతి విను. పుష్పకుమారి మొన్న ఆదివారం అల్లూరు నుంచి వచ్చింది. పశువుల డాక్టరుగారి భార్య ఇప్పుడు. ఇద్దరు బిడ్డలు. "జీవానందంగారు చేసింది నాకు మేలే అక్కా. పొద్దస్తమానం కబుర్లు చెప్పే మనిషితో నేను వేగలేను" అంది. ఆమె మరిచిపోయింది గానీ నాకు ఆనాటి తలవంపు పోలేదు.

నువ్వడిగింది మరిచిపోలేదు. నీళ్ళు ఇంకా కాగలేదు.

అక్క.


మద్రాసు,
9-3-1964.

అక్కకు వందనాలు.

నీ ఉత్తరంలో "రాత్రంతా చింతపండు నీళ్ళలో" అన్నది చదవగానే ఇంజినీరుగారు "అయ్యో" అన్నారు. "ప్రతి శనివారం" అన్నచోట ఇంకా పెద్దగా "అయ్యో" అన్నారు. కొంచెం తేరుకున్నాక, "తప్పు మీ అక్కది కాదు. పాత్ర తోమకుండా వాడే ఆడవాళ్ళు మన వైపు ఎవరుంటారు? తోమకూడదని ముందే రాయని మీది తప్పు" అని నన్ను చీవాట్లు పెట్టారు.

అక్కా, దాని అడుగున మూతలో అభ్రకం రేకుల మీద చుట్టిన తీగ ఉంటుంది. నీళ్ళను కాచేది అదే. పులుసులో నాని అది పాడైపోయి ఉంటుందన్నారు. అడుగు మూతకున్న నాలుగు మరలు మునెయ్య చేత విప్పించి, ఆ చుట్టను మాలకొండయ్యతో పంపు. కొత్తది చేతితో చుట్టి ఇస్తామన్నారు. దానితో పాటు మంచి అభ్రకం రేకులు కూడా కావాలి. గూడూరు గనుల్లోది అయితే మేలంట. ఇక్కడ అంగళ్ళలో దొరికేది అంత నాణ్యం కాదని ఇంజినీరుగారికి తెలుసు.

ఇంకా ఒకటి. దొర వాడిన నాటినుంచే బుడ్డి లోపల ఉప్పునీళ్ళకు తెల్లటి పొర కట్టి ఉంటుంది. అది పోవడానికి లోపల మాత్రం చింతపండు నీళ్ళు పోసి పెట్టొచ్చునంట. అంటే మనం చింతపండు పెట్టకూడని చోట పెట్టి, పెట్టవలసిన చోట పెట్టలేదు.

శొంఠి తాగారు. మామిడికాయలు మూడు రోజుల్లో అయిపోయాయి. జాడీ నాకుతున్నారు.

వెంకటశేషమ్మకు ఆరో నెల పడబోతోంది. కాళ్ళు వాస్తున్నాయి. అయినా రోజూ పనికి పోతూనే ఉంది. ఒంటరిగా ఇంట్లో కూర్చుంటే భయమేస్తుందంటుంది. నాకూ భయంగానే ఉంది అక్కా.

నీ తమ్ముడు,
జీవానందం.


కోట,
3-4-1964.

తమ్ముడికి ఆశీర్వాదం.

నీళ్ళు కాగినాయి.

ఈస్టరు ముందు శనివారం చుట్ట చేరింది. మునెయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఒక చుట్టు మీద ఒక చుట్టు పడలేదు చూడు. నేను జన్మెత్తి ఇట్టా చుట్టలేను. ఆ అయ్య కాళ్ళు మొక్కాల" అన్నాడు. బిగించి, స్విచ్చి వేసినాం. ఎవరికీ షాకు కొట్టలేదు. సాయంత్రం పొలాల్లో మోటార్లు ఆడుతున్నప్పుడు కరెంటు చాలక గంట పట్టింది గానీ, తెల్లారి చూస్తే పన్నెండు నిమిషాల్లో బుస్సున ఆవిరి లేచింది.

కాఫీ దిగింది. ఇంతా చేసి అది రెండు గుక్కలే గదరా. పాస్టరుగారు మందేమో అనుకుని గుటుక్కున మింగి, ఏ జబ్బుకమ్మా అని అడిగినాడు. అంకాలమ్మ మూడు రోజులు నిద్రపోలేదు. మీ బావ మాత్రం రోజూ ఒక కప్పు తాగి లెక్కలు రెండింతల వేగంతో చెబుతున్నాడు. బడిపిల్లలు మిషను మళ్ళీ చెడిపోవాలని ప్రార్థన చేస్తున్నారంట.

ఇక విను. ఈ నెల ఇరవై అయిదో తేదీ శనివారం మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టినాను. మిషను కాగినందుకు కాదు, పాస్టరుగారి ప్రాణం దక్కినందుకు అని చెప్పినాను. రెంటికీ అనుకో. ఆ దినం ఇంజినీరుగారు మా ఇంట్లో భోంచెయ్యాలి. గుడిలో ప్రకటన కూడా చదివించినాను. మద్రాసు నుంచి గొప్ప ఇంజినీరు వస్తున్నాడని ఊరంతా తెలిసిపోయింది. కొర్రమీను పులుసు మామిడికాయ వేసి నా చేత్తో వండుతాను. ఆయనకు పులుపు ఇష్టం గదా. తీసుకురావడం నీ పూచీ. ఈసారి కూడా గుడిలో నా తల తీసెయ్యొద్దు.

నీళ్ళు కాగినాయి గదా, నువ్వడిగినదానికి జవాబేదంటావు. తెలుసు. నేను ఆ అమ్మాయిని ఎరగను జీవానందం. ఎట్టాంటి మనిషో, మా ఇంటి తీరు ఆమెకు పడుతుందో లేదో, మన సంఘం పిల్ల కూడా కాదు. మొహం చూడని మనిషిని రెండు నెలలు ఇంట్లో పెట్టుకుని కాన్పు చెయ్యడమంటే మాటలా? నాకు ఇంకా మనసు రావడం లేదు. అబద్ధం రాయలేను.

ఇంజినీరుగారి సంగతి వెంటనే రాయి.

అక్క.


మద్రాసు,
13-4-1964.

అక్కకు వందనాలు.

ఇంజినీరుగారిని తప్పకుండా తీసుకురమ్మన్నావు. రావాలని వారికి చాలా ఉంది. ఒక్కటే ఇబ్బంది. ఏడో నెల జరుగుతోంది గనుక బస్సు కుదుపులు పనికిరావని డాక్టరమ్మ అంది. గూడూరు దాకా రైల్లో అయితే ఫర్వాలేదంది.

ఈ మాట దగ్గర నువ్వు ఉత్తరం మడిచి పక్కన పడేసి ఉంటావు. మళ్ళీ తీసి చదువు.

వెంకటశేషమ్మ వాళ్ళది ఆత్మకూరు వైపు పల్లె. వాళ్ళ నాన్న జయరామయ్యగారు బావికి కరెంటు మోటారు పెట్టించిన మొదటి రోజుల్లో అది వారానికోసారి కాలిపోయేది. బాగుచేసే మనిషి నెల్లూరు నుంచి రావాలి. అతని పక్కన కూర్చుని చూసి చూసి, పద్నాలుగేళ్ళకే తీగ చుట్టడం నేర్చుకుంది. ఆ పని పట్టుకునే మద్రాసులో ఫ్యాన్ల కంపెనీలో చేరింది. మా హోటలు ఫ్యాన్లు బాగుచేయించడానికి తీసుకుపోయి నేను ఆమెను చూశాను. కంపెనీలో అందరూ ఇంజినీరమ్మ అంటారు. మా ఫ్లోరులో అందరూ ఇంజినీరుగారంటారు అని రాసింది అబద్ధం కాదు, మేమున్న మేడలో ఆరిళ్ళ వాళ్ళూ ఫ్యూజు పోతే ఆమెనే పిలుస్తారు. మగవాడని నేనెప్పుడూ రాయలేదు. నువ్వు అనుకుంటే ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం మాత్రం తప్పే.

ఆమె సలహా అని రాస్తే నువ్వు మునెయ్యను పిలిచేదానివా? నిజం చెప్పు.

నీ మొన్నటి ఉత్తరం చదివి వినిపించాను. కొర్రమీను పులుసు దగ్గర నవ్వింది. "మొహం చూడని మనిషి" అన్నచోట నవ్వు పోయింది. తరువాత ఇలా అంది: "ఆ మామిడికాయలూ, తొక్కూ ఆమె నాకు పంపలేదు. ఎవరో పెద్దాయనకు పంపింది. ఇన్నాళ్ళూ దొంగతనంగా తిన్నట్టే గదా. నిజం రాయండి. రమ్మంటే పోదాం, వద్దంటే ఈ గదిలోనే కంటాను. దొంగపేరుతో మాత్రం ఆమె ఇంటి గడప తొక్కను."

ఆమెకు తల్లి లేదు అక్కా. ఇదివరకు చెప్పలేదు నీకు, నువ్వు వినే వీలు ఇవ్వలేదని కాదు, చెప్పి జాలి అడగొద్దని ఆమె అంది.

ఇక నీ ఇష్టం. కృతజ్ఞతా కూడికకు ఇంజినీరు రాలేదని నీకు మళ్ళీ గుడిలో తలవంపులు తెస్తున్నాను. రెండోసారి. అందుకు నన్ను తిట్టు. ఆమెను వద్దు.

నీ తమ్ముడు,
జీవానందం.


కోట,
20-4-1964.

మరదలు వెంకటశేషమ్మకు,

వదిన సామ్రాజ్యం ఆశీర్వదించి రాసేది. కవరు మీద మావాడి పేరుంది. లోపలిది నీకు. వాడు ముందు చదవబోతే లాక్కో.

వాడి ఉత్తరం వచ్చిన రోజు నాకు అన్నం సయించలేదు. తమ్ముడి చేతిలో రెండోసారి మోసపోయినానని ఒళ్ళు మండింది. మీ అన్నగారు, అంటే మా ఆయన, మీ ఉత్తరాలన్నీ తెచ్చి నా ముందు పెట్టి బడికి పోయినాడు. మొదటినుంచి చదివినాను, ఇంజినీరుగారన్న చోటల్లా నీ పేరు పెట్టుకుని. ప్లగ్గు పీకమని, మెయిన్ తియ్యమని, జాగ్రత్త అని. నేను నిన్ను నానా మాటలూ అంటుంటే నువ్వు నా ప్రాణం పోకుండా చూసుకున్నావు. స్విచ్చి మాట రాసినందుకు నాకు సిగ్గుగా ఉంది. ఇంతకంటే బాగా రాయడం నాకు చేతగాదు. నన్ను క్షమించు.

నిన్న గుడిలో పాస్టరుగారు మళ్ళీ ప్రకటన చదివినాడు, మద్రాసు ఇంజినీరుగారు వచ్చుచున్నారని. నేను లేచి నిలబడి, "ఇంజినీరు కాదండీ, మా తమ్ముడి భార్య. పురిటికి వస్తా ఉండాది" అన్నాను. వెనక బల్ల మీదినుంచి అంకాలమ్మ, "మరి మిషను ఎవరు బాగుచేసినారమ్మా?" అని అడిగింది. ఆ బిడ్డే అన్నాను. గుడి అయినాక ఆడవాళ్ళు నన్ను కదలనివ్వలేదు. ఇప్పటికి ఏడుగురు ఇస్త్రీ పెట్టెలూ, రేడియోలూ నీకోసం తీసిపెట్టుకున్నారు. ఎవరి పనీ ఒప్పుకోవద్దు. కాన్పయ్యేదాకా నువ్వు కరెంటు దగ్గరికి పోవడానికి వీల్లేదు.

ఎనిమిదో నెల పడితే ప్రయాణం చేయించరు. మాకు అట్టాంటి పట్టింపులు లేవని చెప్పుకుంటాం గానీ, అందరం పాటిస్తాం. కాబట్టి ఈ శుక్రవారమే బయలుదేరు. గూడూరు స్టేషనుకు మీ అన్నగారు ఎడ్లబండి తెస్తాడు. అడుగున గడ్డి, పైన రెండు పరుపులు. నర్సు సమాధానానికి చెప్పినాను. నీ కాళ్ళ వాపు సంగతి కూడా చెప్పినాను.

మా ఇంట్లో పొద్దునా, సాయంత్రం ప్రార్థన ఉంటుంది. నువ్వు కూర్చోవాలని లేదు. నువ్వు మొక్కుకునే పటం ఉంటే తెచ్చుకో. నీ గదిలో గోడ గూడు ఖాళీ చేసి తుడిచినాను.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలంటారు. ఇది నీ పుట్టిల్లే అనుకో. మొహమాటపడి ఏది తినాలనున్నా అడగకుండా ఉన్నావంటే నాకు కోపం వస్తుంది. నా కోపం నీకు తెలుసు.

మాలకొండయ్య శుక్రవారం నీ రైల్లోనే తోడుగా వస్తాడు. జీవానందానికి సెలవు దొరికితే వాణ్ణీ తీసుకురా. దొరక్కపోతే వాణ్ణక్కడే వదిలేసి నువ్వు రా.

నీ వదిన,
సామ్రాజ్యం.